గడప కింది చారాణ

ముందే ఒక మాట. నా రాతలో తప్పులుంటాయి. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తీయాలో ఆగి ఆలోచిస్తే గాని నాకు తోచదు. అక్షరాలు నేర్చుకునేసరికి యాభై ఎనిమిదేళ్లు వచ్చాయి. చేయి మెల్లగా నడుస్తుంది. కొత్త బిళ్ళలు కావాలంటే ఎక్కడెక్కడ తిరగాలో సభ్యులంతా తలా కొంత రాయమని మన నాణేల సంఘం వాళ్లు అడిగి చాలా రోజులైంది. అందరూ ఇచ్చేశారట, నాదొక్కటే మిగిలిందట. ఆలస్యానికి, తప్పులకు మన్నించండి.

హైదరాబాదులో ఏ బజారులో ఏం దొరుకుతుందో మిగతావాళ్లు రాసే ఉంటారు. నేను అంత దూరం తిరగలేదు. నాకు తెలిసింది బాన్సువాడ, చుట్టుపక్కల ఊళ్లు, అంతే.

మా ఇంట్లో బిళ్ళలు మొదట వచ్చింది బస్సులోంచి. మా ఆయన పండరి కండక్టరు. మద్నూర్ మీదుగా దెగ్లూరు పోయే బస్సులో ముసలవ్వలు కొంగు ముడి విప్పి, చేతికి ఏది వస్తే అది ఇచ్చేవారు. అందులో ఎప్పుడో చెల్లకుండా పోయిన అణా ఒకటి కలిసి ఉండేది. వేరే కండక్టరైతే "ఇది చెల్లదు, ఇంకోటియ్యి" అనేవాడు. ఈయన తన జేబులోని పైసలు సంచిలో వేసి, ఆ అణా ఇంటికి తెచ్చేవాడు. ఇప్పుడు ఆడవాళ్లకు బస్సులో టికెట్ లేదు. కొంగు ముడులు విప్పే పని లేదు. సేకరించేవాళ్లకు ఆ చోటు మూతపడ్డట్టే. నాకు మాత్రం మేలే అయింది. వర్ని అంగడికి, రుద్రూర్ అంగడికి, ఎక్కడికంటే అక్కడికి ఊరికే పోయి వస్తున్నాను.

అంగళ్లలో పూసలు, పిన్నీసులు అమ్మే ఆడవాళ్ల దగ్గర చూడండి. వాళ్ల డబ్బాల అడుగున ఏదో ఒకటి ఉంటుంది. పెళ్లిళ్ల కాలం మొదలయ్యే ముందు కంసాలి దుకాణాల దగ్గర కూర్చోండి. పాత పట్టీలతో పాటు వెండి బిళ్ళలు కూడా కరిగించడానికి తెస్తారు. కరగక ముందే అడగాలి. మంజీర వంతెన కింద ఎండాకాలంలో నీళ్లు తగ్గినప్పుడు కొందరు అయస్కాంతం కట్టిన తాడుతో వెతుకుతారు. దానికి అంటుకునేవి ఈ కాలపు బిళ్ళలే. రాగి, వెండి అంటుకోవు. వాటికోసం చేతులతోనే ఇసుక దేవాలి.

తండాలకు పోతే ఆడవాళ్ల మెడల్లో బిళ్ళల దండలు కనిపిస్తాయి. వాటిని అమ్ముతారా అని అడగకండి. నేను ఒకసారి మహమ్మద్ నగర్ దగ్గరి తండాలో గౌరీబాయి అనే ఆమెను అడిగాను. ఆమె నా మొహం చూసి, "నీ ముక్కుపుల్ల అమ్ముతవా అవ్వా?" అంది. నేను లేదన్నాను. "మరి కూసో, చాయ్ తాగు" అంది. చాయ్ తాగి, ఆమె మెడలోని బిళ్ళలన్నీ ఒక్కొక్కటి పట్టి చూసి వచ్చాను. చూడడం కూడా దొరకడమే.

అన్నిటికంటే మంచి చోటు కూలగొట్టే పాత ఇల్లు. మా వైపు ఇల్లు కట్టేటప్పుడు దర్వాజ నిలబెట్టే రోజున గడప కింద ఒక బిళ్ళ వేస్తారు. పసుపు గుడ్డలో చుట్టి, ఇంటి ఆడమనిషి చేత్తో వేయిస్తారు. ఇల్లు ఉన్నన్నాళ్లు అది అక్కడే ఉంటుంది. ఇల్లు పోయే రోజున మాత్రం బయటపడుతుంది, లేదా మట్టితో పాటు ట్రాక్టరెక్కి పోతుంది. కాబట్టి ఎక్కడ జేసీబీ చప్పుడు వినిపిస్తే అక్కడికి పోవాలి. పోయి ముందు ఇంటివాళ్లను అడగాలి.

ఇంతవరకు రాసి ఆపేద్దామనుకున్నాను. కానీ ఆ చోటి గురించి చెప్పాలంటే మా సొంత గడప సంగతి చెప్పకుండా నాకు కలం కదలడం లేదు.

మా ఇల్లు బాన్సువాడలోనే, పాత గల్లీలో. మా సింధుజ కడుపులో ఉన్నప్పుడు కట్టుకున్నాం. దర్వాజ నిలబెట్టిన రోజు పండరి నా అరచేతిలో ఒక తెల్ల బిళ్ళ పెట్టాడు. వాళ్ల అవ్వ దాచి ఇచ్చిందట. "ఏం బిళ్ళ ఇది?" అని అడిగాను. "చార్మినార్ చారాణ. ఎయ్యి, ముహూర్తం దాటుతుంది" అన్నాడు. చారాణ అంటే నాలుగణాల బిళ్ళ, నిజాం కాలంది. ఒక పక్క చార్మినార్, రెండో పక్క ఏదో రాత. చదువు లేనిదాన్ని, తిప్పి చూసి గుడ్డలో చుట్టి వేశాను. పైన గడప కూర్చుంది.

బిళ్ళల పిచ్చి ఆయనకు ఆ తర్వాత పట్టింది. ఎంత పట్టిందంటే, అన్నం ముందు కూర్చుని కూడా చేతిలో ఒకటి తిప్పుతుండేవాడు. అప్పుడప్పుడు గడప వైపు చూసి నవ్వేవాడు. "అందరి బిళ్ళలు చదివిన. నా ఇంటి బిళ్ళ నేనే చదవలే. ఏ ఏడుదో గూడ చూడలే" అనేవాడు. "తీద్దామా?" అంటే, "కడప కదిలిస్తమా ఎవరన్న" అనేవాడు.

ఆయనకు గుండె ఆపరేషన్ అయినప్పుడు ఇల్లు అమ్మేశాం. కొన్నది శివరాం అనే రైతు, వాళ్లమ్మ బక్కమ్మ. వాళ్లకు ఊరి బయట వరి, చెరుకు ఉన్నాయి. ఆపరేషన్ తర్వాత ఆయన ఎనిమిదేళ్లు బతికాడు. ఆ ఎనిమిదేళ్లూ మేమిద్దరం ఆ గల్లీలోకి పోలేదు. పోవద్దని ఎవరం అనుకోలేదు, కాళ్లే పోలేదు.

ఆయన పోయాక నాకు మిగిలింది ఒక రేకు డబ్బా. దాని నిండా బిళ్ళలు. వాటిని చూస్తే ఆయన గొంతు వినిపించినట్టుండేది గాని, ఏది ఏదో తెలిసేది కాదు. మహిళా సంఘంలో అక్షరాలు నేర్పుతున్నారంటే పోయి కూర్చున్నాను. ఇంటికి వచ్చి డబ్బా ముందు పెట్టుకున్నాను. రాజు తల ఉన్న ఒక అణా వెనుక తెలుగులో రాసి ఉంటుందని మీకు తెలిసే ఉంటుంది. నా అంతట నేను చదివిన మొదటి మాట అదే, 'అణా'. తెల్లదొరల బిళ్ళ మీద తెలుగు ఉంది, మన బిళ్ళల మీద లేదు. ఇంగ్లీషు అంకెలు నేర్చుకున్నాను. ఏడాది చదవడం వచ్చింది. డబ్బాలోని బిళ్ళలన్నీ అయ్యాయి. మిగిలింది ఒక్కటే, గడప కిందిది.

నేను కిరాయికి ఉండేది ఖైరున్ బీ ఇంటి మేడ మీద గదిలో. ఆమె బట్టలు కుడుతుంది. మొన్న ఫిబ్రవరిలో ఒక పొద్దున ఆమె మెట్లెక్కి వచ్చింది.

"సాయక్కా, గుండీలు కొననీకి పోయిన. మీ పాతింటి కాడ జేసీబీ ఉన్నది. గోడలు పడ్డయి."

"కడప తీసిన్రా?"

"కడప సంగతి నాకేం ఎరుక. జేసీబీ మీదికెక్కి చూసిన్నా నేను? చెప్పులేస్కొని నడువు."

పోయేసరికి ఇల్లు లేదు. గోడలు పడి ఉన్నాయి. దుమ్ములో ఒక్క గడప మాత్రం నేల మీద అలాగే ఉంది. మా టేకు గడపే. ఇత్తడి పువ్వుల్లో ఒకటి ఊడిపోయి, ఆ చోట గుంట ఉండేది, ఆ గుంట కూడా ఉంది. దాన్ని చూడగానే నాకు ప్రాణం కుదుటపడింది. బిళ్ళ పోలేదనుకున్నాను. గడప ఎందుకో వేరే పక్కకు తిరిగి ఉన్నట్టు అనిపించింది. గోడలు లేకపోతే దిక్కులు తెలియవు, చాలా ఏళ్లయింది కదా అని సరిపెట్టుకున్నాను.

బక్కమ్మ ఒక పక్కన గొడుగేసుకుని కుర్చీలో కూర్చుని ఉంది. నాకంటే పెద్దది. శివరాం జేసీబీ దగ్గర నిలబడ్డాడు.

"ఏంది చిన్నమ్మా, ఇల్లు సూసి పోదామని వచ్చినవా?" అన్నాడు శివరాం.

"లేదు కొడుకా. కడప కింద మాదొక బిళ్ళ ఉంది. తీస్కుందామని వచ్చిన."

బక్కమ్మ గొడుగు కొంచెం ఎత్తింది. "మీదెట్లయితది సాయవ్వా? ఇల్లు అమ్మినవు, రిజిస్ట్రి అయింది. కడప ఇడిసిపెట్టి అమ్మినవా?"

"కడప గూడ అమ్మిన అక్కా."

"మరి కడప కిందిది?"

"గప్పుడు ఆయన దవాఖానల ఉండె. బిళ్ళ మాట ఎవరికి యాదికుంటది?"

ఆమె గొడుగు మళ్లీ దించుకుంది. తర్వాత, "పాత కడప కింది బిళ్ళ కొత్త కడప కింద ఎయ్యాలె. మా అత్తగారింట్ల గట్లనే ఏసిన్రు. ఇయ్యమంటే ఎట్లిస్త?" అంది.

"అమ్మా, మీరిద్దరు మాట్లాడుకునేలోపల జేసీబీ కిరాయి నడుస్తది. తీసుడా వద్దా చెప్పుండ్రి" అన్నాడు శివరాం.

"తియ్యి. నాక్కూడ కావాలె."

పనికి వచ్చిన భీమ్లి అనే ఆమె పార పట్టుకుని వచ్చింది. ఇద్దరు మనుషులు గడప ఎత్తి పక్కన పెట్టారు. భీమ్లి మెల్లగా తవ్వింది. ఒక బిళ్ళ పైకి వచ్చింది. తుడిచి చూస్తే ఇంకా మెరుస్తోంది.

"ఇగో, దొరికె. దీనికేనా గింత లొల్లి?" అని బక్కమ్మ చేయి చాపింది.

నేను తీసుకుని తిప్పాను. స్టీలు రూపాయి. కింద అంకెలున్నాయి. "అక్కా, ఇది మాది కాదు."

"మీది కాకపోతే భూమిల మొలిసిందా?"

బక్కమ్మతో పాటు పనివాళ్లు నవ్వారు.

"దీని మీద రెండు వేల పది అని ఉంది. మేము దర్వాజ నిలవెట్టినప్పుడు మా సింధుజ కడుపుల ఉండె. దానికిప్పుడు నలభై."

బక్కమ్మ నవ్వడం ఆపింది. "నువ్వు సదువుతవా సాయవ్వా?"

"ఇప్పుడిప్పుడే సదువుతున్న."

ఆమె ఆ రూపాయి తీసుకుని కళ్లకు దగ్గరగా పట్టి, చూడలేక, దించింది. అప్పుడు ఆమెకు జ్ఞాపకం వచ్చినట్టుంది. "అయితే ఇది మేమేసిందే" అంది. "ఇల్లు కొన్నంక పంతులు సూసి, దక్షిణం వాకిలి మీకు అచ్చిరాదు, తూర్పుకు మార్చుకోండ్రి అన్నడు. దర్వాజ మొత్తం ఊడవీకి ఇటు తెచ్చి పెట్టినం. కడప గూడ గదే. అటు పక్క ఇటుకలు పెట్టి మూసినం."

గడప మారింది గాని గడప కింది నేల మారలేదు. మా బిళ్ళ దక్షిణం పక్కనే ఉండిపోయింది. అది ఎవరికీ తట్టలేదు. వాళ్లు కొత్త చోట కొత్త బిళ్ళ వేసుకున్నారు. నేను చెక్కను చూసి చోటు అనుకున్నాను.

దక్షిణం పక్కకు తిరిగి చూస్తే అక్కడ జేసీబీ గోడ మట్టిని కుప్ప పోసి ఉంది. ట్రాక్టర్ వెనక్కి తిరిగి, నింపుకోవడానికి నిలబడి ఉంది. నేను ఆ కుప్ప వైపు రెండడుగులు వేసి ఆగాను. బక్కమ్మే లేచింది. గొడుగు మూసి దానితో కుప్పను చూపించింది.

"శివా, ఆ డ్రైవర్‌ను చాయ్ తాగుమను. జేసీబోనితోని గీ కుప్ప పక్కకు జరిపియ్యి. కింది నేల ముట్టొద్దను."

"అమ్మా, చారాణ కోసం..."

"నీ పెండ్లాం రేపు కొత్తింట్ల అడుగు పెడ్తది. నువ్వు చారాణ అంటవు."

కుప్ప జరిపారు. గోడ అడుగు రాళ్లు కనిపించాయి. ఎక్కడ నిలబడి బిళ్ళ వేశానో కాళ్లతో కొలుచుకుంటూ నేను రెండుసార్లు తప్పు చూపించాను. భీమ్లి విసుక్కోలేదు. "నువ్వు గా దినం ఎటు మొకం పెట్టి కూసున్నవు, గది చెప్పు అవ్వా" అంది. లోపలికి మొకం పెట్టి కూర్చున్నాను. ఎదురుగా పండరి ఉన్నాడు. ఆ మాట చెప్పాను. ఆమె ఇంకో పక్క తవ్వింది. గుడ్డ ఎప్పుడో మట్టిలో కలిసిపోయింది. నల్లటి గుండ్రటి ముక్క ఒకటి ఆమె వేళ్లకు తగిలింది.

"చింతపండు పెట్టి తోమితె తెల్లగయితది" అన్నాడు శివరాం.

తోమవద్దని చెప్పాను. మీకు కూడా అదే చెబుతున్నాను. దొరికిన బిళ్ళను చింతపండుతో గాని, బూడిదతో గాని తోమకండి. నీళ్లలో నానబెట్టి, మెత్తని గుడ్డతో అద్దాలి. అంతకు మించి చేస్తే దాని మీది రాత పోతుంది.

కానీ అది నా చేతికి రాలేదు. భీమ్లి దగ్గర బక్కమ్మ తీసుకుంది. తీసుకుని కొంగున ముడి వేసుకుంది. అడగాలా వద్దా అని నేను నిలబడ్డాను.

"నీకెందుకు గింత ఆశ సాయవ్వా? అమ్ముతవా?"

"అమ్మను. చదవాలె."

"బిళ్ళను చదువుడేంది?"

"ఆయన చదవలే. నేను గప్పుడు చదవరాకపోతుండె. డబ్బల ఉన్నయన్ని చదివిన. ఇదొక్కటి మిగిలింది."

బక్కమ్మ నా మొహంలోకి చూసింది. తర్వాత కొంగు ముడి విప్పడానికి చాలాసేపు పట్టింది. వేళ్లకు వాతం. "దర్వాజ నిలవెట్టేది ఉగాది తర్వాత. గప్పటిదాక నీ దగ్గర పెట్టుకో. చదువుకో. గా దినం తెచ్చియ్యి. మళ్ల యాది మర్సినా అంటే ఇంటి మీదికొస్త" అంది.

ఇంటికి తెచ్చి, నీళ్లలో నానబెట్టి, అద్ది, కిటికీ దగ్గర పట్టుకున్నాను. చార్మినార్ కనిపించింది. చుట్టూ రాత. తిప్పాను. అటూ రాతే. అంతా ఉర్దూ అక్షరాలు. అంకెలు కూడా నేను నేర్చుకున్నవి కావు. కిందికీ మీదికీ తిప్పి చూశాను. ఎటు పట్టుకోవాలో కూడా తెలియలేదు. దర్వాజ నిలబెట్టిన రోజు ఎలా చూశానో ఇప్పుడూ అలాగే చూస్తున్నాను. ఇన్నేళ్లు నేర్చుకున్నది ఎటు పోయిందా అనిపించింది. కిందికి దిగి ఖైరున్ బీ మిషను మీద పెట్టాను.

ఆమె సూదిలో దారం తీసేసి, కళ్లద్దాలు తుడుచుకుని చూసింది. "ఇది ఉర్దూ కాదక్కా, ఫార్సీ లెక్క ఉన్నది. హరఫ్‌లు, గదే అక్షరాలు, మావే. సదువొస్తది, మతలబు రాదు."

"ఏడు చెప్పు ముందు."

"పదమూడు వందల నలభై... ఆఖరిది అరిగింది."

"అమ్మో, ఏడు వందల ఏండ్లదా?"

ఖైరున్ బీ మిషను మీద చేయి కొట్టి నవ్వింది. "గది మా హిజ్రీ లెక్క అక్కా. మీ లెక్కల కలుపుకుంటే నూరేండ్లకు అటో ఇటో. ఫికర్ చెయ్యకు, నీ మొగడు నిన్ను గంత పాతింట్ల పెట్టలే."

తర్వాత ఆమె సూది మొనతో చార్మినార్ నడిమి దర్వాజ చూపించింది. అందులో కొక్కెంలాంటి గీత ఒకటి ఉంది. నేను గీత అనుకున్నాను. "ఇది ఐన్. హరఫ్. ఉస్మాన్ పేరుల మొదటిది. ఆఖరి నిజాంది" అంది. దర్వాజలో నిలబడ్డ అక్షరం. ఉర్దూలో నేను గుర్తు పట్టిన మొదటి అక్షరం అది.

మిగతా మాటలు ఆమెకు వెంటనే అందలేదు. రోజూ రెండు కుట్టుల మధ్య కొంచెం కొంచెం కూడబలుక్కుని చదివేది. అర్థం తెలియనివి ఫార్సీ వచ్చిన వాళ్లన్నను ఫోన్‌లో అడిగేది. ఒక రోజు మెట్ల కింది నుంచే పిలిచింది.

"సాయక్కా, దొరికింది. 'ఫర్ఖుందా బున్యాద్ హైదరాబాద్'. ఇది కొట్టిన ఊరి పేరు. బున్యాద్ అంటే..."

"బునాది?"

"హౌ, బునాదే. ఫర్ఖుందా అంటే శుభం. మంచి బునాది ఉన్న ఊరు అని."

నేను మెట్ల మీదే కూర్చున్నాను. పండరి ఏమీ చూడకుండా, ముహూర్తం దాటుతుందని తొందరపడి ఇచ్చిన బిళ్ళ. దాని మీద మంచి పునాది అని రాసి ఉంది. ఇంటి కింద వేసేటప్పుడు ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. ఆయన ఉంటే ఎన్నిసార్లు చెప్పించుకునేవాడో. ఆ సాయంత్రం కాగితం కింద బిళ్ళ పెట్టి పైన పెన్సిల్ రుద్ది, రెండు పక్కలా అచ్చు తీసుకున్నాను.

అచ్చు తీసుకున్నాక ఇచ్చేయడం సులువవుతుందనుకున్నాను. కాలేదు. ఉగాది దగ్గరికి వచ్చేకొద్దీ దాన్ని చేతిలో పట్టుకుని కూర్చోవడం ఎక్కువైంది. ఖైరున్ బీ చూస్తూనే ఉంది. ఒక రోజు తానే నన్ను కంసాలి దుకాణానికి తీసుకుపోయింది. కరిగించడానికి వచ్చిన వాటిలో ఇలాంటిదే చార్మినార్ చారాణ ఒకటి దొరికింది. అంతే పెద్దది, అంతే నల్లబడింది. దర్వాజలో ఐన్ లేదు, గుండు తలతో ఇంకో అక్షరం ఉంది. "ఇది మీమ్. మహబూబ్ పేరుది. ఈయన కంటే ముందటి నిజాం" అంది ఖైరున్ బీ. వెనుక అదే మాట, ఫర్ఖుందా బున్యాద్.

దారిలో ఆమె మెల్లగా అంది: "ఇది బక్కమ్మకియ్యి. అది నువ్వు ఉంచుకో. ఇది గూడ చారాణనే, గది గూడ చారాణనే. రాసింది గూడ ఒకటే. ఒకరి సొమ్ము తిన్నట్టు కాదు."

"ఆమెకు తెలిస్తే?"

"ఎట్ల తెలుస్తది? ఐన్ ఏదో మీమ్ ఏదో గా గల్లీల ఎవరికెరుక?"

ఆ మాట నిజం. ఎవరికీ తెలియదు. నేను ఆ మీమ్ బిళ్ళ కొన్నాను.

దర్వాజ నిలబెట్టే రోజు పొద్దున్నే స్నానం చేసి, కొంగుకు రెండు ముడులు వేసుకున్నాను. కుడి పక్క మీమ్, ఎడమ పక్క ఐన్. ఏది ఇవ్వాలో తేల్చుకోలేదు. పోతూ పోతూ కుడి ముడి పట్టుకునే నడిచాను.

కొత్త దర్వాజ ఈసారి కూడా తూర్పుకే. టేకు పాతదే, గడప మాత్రం కొత్తది చేయించారు. పసుపు, కుంకుమ, నవధాన్యాలు, మామిడాకులు. నేను ముండమోసినదాన్ని గనుక దూరంగా, ఇసుక కుప్ప దగ్గర నిలబడ్డాను. బక్కమ్మ కూడా నా పక్కకే వచ్చి నిలబడింది. ఆమెకూ భర్త లేడు. ఇంటి కోడలు ప్రియదర్శిని ముందు కూర్చుంది. ఆమె రుద్రూర్‌లో ఏదో ఆఫీసులో పని చేస్తుంది. పట్టుచీర అలవాటు లేక కుచ్చిళ్లు చేత్తో పట్టుకుని ఉంది.

"తెచ్చినవా?" అంది బక్కమ్మ.

"తెచ్చిన."

ఆమె చూపించమనలేదు. ముడి విప్పమనలేదు. "పో, దాని చేతుల పెట్టు. నువ్వు దాచినదానివి" అంది.

నేను వెనక్కి జరిగాను. "నేనెందుకక్కా, మంచి పని కాడ..."

"బిళ్ళ నువ్వేసిందే గద. నీ చెయ్యి గప్పుడు మంచిదే, గిప్పుడెట్ల చెడ్డదయింది? పో."

ఒకరిద్దరు ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బక్కమ్మ వాళ్ల వైపు చూసింది. వాళ్లు పక్కకు జరిగి దారిచ్చారు. నేను పోయి గుంట పక్కన కూర్చున్నాను. ప్రియదర్శిని చేయి చాపింది. మెత్తటి అరచేయి, పసుపు రాసి ఉంది. నా చేయి కుడి ముడి మీదే ఉంది.

"ఏం బిళ్ళ అవ్వా ఇది?" అని అడిగింది.

నేను ఆ రోజు అడిగిన మాటే అది. నాకు జవాబు దొరకడానికి ఇన్నేళ్లు పట్టింది. ఆ పిల్ల తెలుగు చదువుతుంది, ఇంగ్లీషు చదువుతుంది. కానీ ఇప్పుడు నేను ఏది పెట్టినా చదవలేదు. వెనుక నిలబడ్డ బక్కమ్మ ఏదీ చదవలేదు. చదవరాని అరచేయి ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఎదుటివాళ్లు పెట్టినదాన్ని అలాగే మూసుకుంటుంది. పండరి నా చేతిలో పెట్టింది మంచిదే గనుక సరిపోయింది. నేను అక్షరాలు నేర్చుకున్నది రానివాళ్ల చేతిలో ఇంకోటి పెట్టడానికా అనిపించింది.

కుడి ముడి వదిలేసి ఎడమ ముడి విప్పాను.

"నిజాం చారాణ బిడ్డా" అన్నాను. "మీ ఇంటి నేలలదే. గీ దర్వాజల కొక్కెంలెక్క కనవడ్తున్నది సూడు, గది ఐన్. ఉస్మాన్ పేరుల అక్షరం. ఎనకకు తిప్పు. గిక్కడ మంచి బునాది అని రాసి ఉంది."

"నిజంగ రాసి ఉందా?"

"ఖైరున్ బీ చదివి చెప్పింది. నేను రాసుకున్న."

ప్రియదర్శిని దాన్ని కొంచెంసేపు చూసింది. ఫోటో తీసుకుంటానని శివరాంను ఫోన్ అడిగింది. పంతులు గడియారం చూశాడు. ఆమె గుడ్డలో చుట్టి గుంటలో పెట్టింది. నలుగురు కలిసి దర్వాజ ఎత్తారు. గడప కూర్చుంది.

తిరిగి వస్తుంటే బక్కమ్మ నా కొంగు పట్టుకుని ఆపింది. "కుడి పక్క ముడేంది?" అంది. చెప్పాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆమె ఒక ఆకులో బూరెలు పెట్టి చేతికిచ్చింది. "ఇగ నడువు, ఎండెక్కుతుంది" అంది.

ఇప్పుడు నా డబ్బాలో మీమ్ బిళ్ళ ఉంది. దాని పక్కన ఐన్ బిళ్ళ పెన్సిల్ అచ్చు ఉంది. సాయంత్రాలు ఖైరున్ బీ దగ్గర అలిఫ్, బే దిద్దుతున్నాను. ఈ అక్షరాలు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. నా చేయి ఎడమ నుంచి అలవాటు పడింది. అందుకే అది కూడా మెల్లగానే నడుస్తోంది.

మీరు అడిగింది చోట్ల గురించి కదా, చివరిది కూడా రాసిస్తాను. బాన్సువాడ పాత గల్లీలో శివరాం ఇంటి తూర్పు గడప కింద నిజాం చారాణ ఒకటి ఉంది. దర్వాజలో ఐన్, ఏడాదిలో చివరి అంకె అరిగింది. ఇల్లు గట్టిగా కట్టారు. అది పడే కాలానికి నేను ఉండను. మీ పిల్లల్లో ఎవరికైనా ఆ రోజు జేసీబీ చప్పుడు వినిపిస్తే పోయి చూడమనండి. ముందు ఇంటివాళ్లను అడగాలి. గడప మీద మాత్రం నమ్మకం పెట్టుకోవద్దు, దాన్ని మళ్లీ ఎటైనా మార్చి ఉండవచ్చు.

సాయవ్వ, అరవై నాలుగేళ్లు,
ఖైరున్ బీ ఇంటి మేడ మీద గది, బాన్సువాడ